ఎవరి నెత్తురు వాళ్లకే

పోయిన వారం మహాలక్ష్మిని ఆళ్లగడ్డ బస్టాండులో, నంద్యాల బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టించి వదిలేశాం. మనం పత్రిక మూసి మన వంటా వార్పూ చూసుకున్నాం గానీ, ఆ అమ్మాయి రెండో కాలు మాత్రం నేల మీదే ఉండిపోయింది. ఆపింది హుస్నా.

హుస్నా ఎవరో మరిచినవాళ్లకు రెండు ముక్కలు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్ల వరసకు ఎదురుగా, ఉలులకు పదును పెట్టే కొట్టు అమీర్ బాషాది. ఆయన కూతురే హుస్నా, ఇరవైమూడేళ్ల పిల్ల, ఇంట్లోనే ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. తల్లి హమీదాబీ ఆపరేషన్‌కు రక్తం కావాలంటే నేనిస్తానని నంద్యాల వెళ్లింది. రక్తం తీసుకున్నవాళ్లు రెండు రోజుల తర్వాత మళ్లీ పిలిచారు. గది తలుపు దగ్గరగా వేసి, నీ రక్తం పనికిరాదమ్మా, అందులో హెపటైటిస్ బి ఉంది, అది కాలేయానికి పట్టే జబ్బు, పెద్ద డాక్టరుకు చూపించుకో అని మెల్లగా చెప్పి పంపారు. హుస్నా అక్కడ ఏడవలేదు. ఊరికి వచ్చీ రాగానే బస్టాండులో మహాలక్ష్మి కనపడితే, చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క మాట అడిగింది.

"నా నెత్తురు నాకే పూస్తారని చెప్పినావు కదక్కా. మరి ఇది ఎవరి నెత్తురు?"

"నేను పోయి కనుక్కుంటా. నువ్వు ఇంటికి పో," అని మాత్రం మహాలక్ష్మి అనగలిగింది. కండక్టరు కేకేశాడు. బస్సు కదిలింది.

కిటికీ పక్క సీటు దొరికింది గానీ ఆమె బయటికి చూడలేదు. శిరివెళ్ల వచ్చేదాకా తన రెండు చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. ఎందుకంటే నంద్యాల సంజీవనగర్‌లోని ఆ చర్మం క్లినిక్‌లో రక్తం తీసేది ఆ చేతులే. గొట్టం మీద పేరు రాసేదీ, యంత్రంలో పెట్టి తిప్పేదీ అవే. ఒకరి రక్తం ఇంకొకరికి పోయిందంటే ఆ తప్పు ఇంకెవరిదవుతుంది?

ఆ వైద్యం సంగతి తెలియని పాఠకులు కంగారు పడొద్దు. తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. చేతి నరంలోంచి రెండు మూడు చెంచాల రక్తం తీస్తారు. గిర్రున తిప్పే యంత్రంలో పెడితే ఎర్రటిదంతా అడుక్కు పోయి, పైన లేత పసుపు రంగు తేట నిలుస్తుంది. మొహానికి మత్తు క్రీము పూసి, పెన్ను లాంటి పరికరం కొనకు పన్నెండు సన్నటి సూదులున్న టిప్పు బిగించి, చెంపల నిండా చుక్కలు చుక్కలుగా గుచ్చుతారు. ఆ పొడిచినచోటల్లా ఆ మనిషి తేటనే పూస్తారు. గాయం మానే తొందరలో చర్మం కొత్తగా పుట్టుకొస్తుందని లెక్క. నెలకోసారి చొప్పున మూడో నాలుగో సార్లు చేస్తే మొటిమల గుంటలూ మచ్చలూ పూడతాయి. చాలామందికి పూడుతున్నాయి కూడా. వైద్యాన్ని ఆడిపోసుకోవడం మన పని కాదు.

మహాలక్ష్మి తండ్రి గురుస్వామి మాత్రం మొదటిసారి విన్నప్పుడు ఉలి కింద పెట్టి నవ్వాడు. "రాతికి గుంట పడితే సుట్టూ చెక్కి సమం చేస్తాం. మీరు గుంటలు పూడ్చేదానికి ఇంకా గుంటలు పొడుస్తారంటనే? ఎవురు నేర్పినారమ్మా ఈ విద్య?" అన్నాడు. ఆయన కూతురు మొహం నిండా ఇంటర్ చదివేటప్పుడు అమ్మవారు పోసి మిగిల్చిన గుంటలే మరి. ఐదు సార్లు సూదులు పడ్డాక ఆ గుంటలు ముప్పాతిక వంతు పూడాయి. గురుస్వామి ఒక పొద్దున కూతురి గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి, విగ్రహం చూసినట్టు చాలాసేపు చూసి, "పని తెలిసిన చెయ్యే," అన్నాడు. ఆయన ఆ మాట తన కొడుకుతో కూడా ఏనాడూ అనలేదు.

ఆ పని తెలిసిన చెయ్యి డాక్టర్ హిమజది. మహాలక్ష్మీ, ఆమే నంద్యాల హాస్టల్లో ఒకే గదిలో రెండేళ్లున్నారు. ఒకే కంచంలో తిన్నారు, ఒకే దుప్పటి కప్పుకున్నారు. హిమజ వాళ్లది ఆళ్లగడ్డ పక్క పల్లెలో భూములున్న ఇల్లు, ఆమె డాక్టరయింది. మహాలక్ష్మి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుతో ఆగింది. మూడేళ్ల కిందట క్లినిక్ పెట్టేటప్పుడు హిమజ స్వయంగా గురుస్వామి ఇంటికొచ్చి, "నువ్వు నా పక్కనుంటే నాకు ధైర్యమే," అని పిలుచుకుపోయింది. ఆ బెడ్డు మీద పడుకున్న మొదటి మొహం మహాలక్ష్మిదే. పాత మొహం, కొత్త మొహం పక్కపక్కన పెట్టి కొట్టించిన ఫ్లెక్సీ ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర ఇప్పటికీ ఉంది. మన గురుస్వామి బిడ్డే కదా అని ఊరివాళ్లు నమ్మారు. అడిగినవాళ్లకు మహాలక్ష్మి ఒకటే చెప్పేది: ఏం భయం లేదు, ఎవరి నెత్తురు వాళ్లకే. హుస్నాకు కూడా ఆ మాటే చెప్పింది.

అందుకే బస్సులో ఆమె గుండెలో ఉన్న భయం తన గురించే. హిమజకు ఏం మొహం చూపించాలి, నా పొరపాటు వల్ల ఆమె పేరు పోతుంది కదా అని ఏడ్చింది. పిచ్చి తల్లి!

క్లినిక్ చేరేసరికి ఒంటిగంటన్నర. ఆ వేళకు షట్టర్ సగం దించి ఉంటుంది. హిమజ పైఅంతస్తులో భోంచేసి, ఓ కునుకు తీసి, రెండింటికి గానీ దిగదు. తాళం చెవి ఎప్పుడూ మహాలక్ష్మి దగ్గరే. లోపలికి పోయి లైటు వేసి, చెమట కూడా తుడుచుకోకుండా రిజిస్టరు తీసింది.

హుస్నా మూడు సార్లు వచ్చింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి. మొదలుపెట్టే ముందు జనవరిలో అందరికీ చేసినట్టే హుస్నాకూ కార్డు మీద రక్తం చుక్క వేసి చూసింది మహాలక్ష్మే. అప్పుడు ఏ జబ్బూ లేదు. మూడు సార్లూ గొట్టం మీద నంబరు, యంత్రంలో పెట్టిన టైము, తీసిన టైము, అన్నీ తన చేతిరాతే. ఆ మూడు రోజుల్లో హుస్నా గొట్టం తిరుగుతున్నప్పుడు యంత్రంలో రెండో గొట్టమే లేదు. మారిపోవడానికి వీల్లేదు. వేలు పెట్టి రెండోసారి చూసుకుంది. నిజంగానే వీల్లేదు.

మనసు కాస్త తేలికపడింది. అయితే జబ్బు వేరే ఎక్కడి నుంచో వచ్చి ఉంటుంది, హిమజను అడిగితే దారి చెబుతుంది అనుకుంది. నాలుగింటికి ఇద్దరు పేషెంట్లున్నారు. పనికి అలవాటుపడ్డ చేతులు ఊరికే ఉండవు కదా, ట్రేలు సర్దడం మొదలుపెట్టింది. రద్దీ పెరిగాక రెండో గదిలో సూదులు గుచ్చే పని కూడా తనకే వచ్చింది, అక్కడి తన సొరుగులో సూదుల టిప్పులు అయిపోయాయి. మొదటి గదిలో డాక్టరమ్మ సొరుగు వేరే ఉంది. హిమజ తన పేషెంట్లకు అందులోంచే తానే తీసుకుంటుంది, మహాలక్ష్మి దాని జోలికి పోదు. ఈ రోజు పోయింది. సీలున్న ప్యాకెట్ ఒకటి తెచ్చి చించింది. టిప్పు చేతిలోకి తీసుకుని, జాకెట్టుకున్న పిన్నీసు విప్పింది.

పిన్నీసు ఎందుకని మీరు అడగొచ్చు. గురుస్వామి షెడ్డులో ఒకరి ఉలి ఇంకొకరు ముట్టరు. ప్రతి ఉలి మెడ మీదా గాట్లుంటాయి. పెద్దాయనవి ఒక గాటు, కొడుకు సంజీవయ్యవి రెండు, పనికొచ్చిన శేషయ్యవి మూడు. పరాయి చేతికి అరిగిన ఉలి మన చేతిలో దారి తప్పుతుంది, అప్పుడు దేవుడి మూతి వంకర పోతుంది అని వాళ్ల నమ్మకం. ఆ షెడ్డులో రాతి పొడిలో ఆడుకుని పెరిగిన పిల్లకు వస్తువు చేతికి రాగానే గాటు పెట్టడం పుట్టుకతో వచ్చిన అలవాటైపోయింది. క్లినిక్‌లో రెండో బెడ్డు వేసి, ఇద్దరిని ఒకేసారి పడుకోబెట్టడం మొదలయ్యాక, తను విప్పే ప్రతి టిప్పుకూ లోపలి అంచు మీద పిన్నీసుతో గాట్లు పెట్టేది. ఆ రోజు మొదటి పేషెంటుకు ఒకటి, రెండో మనిషికి రెండు. గొట్టం నంబరూ సూది నంబరూ ఒకటిగా ఉండాలని అంతే. నువ్వుగింజంత గాట్లు. ఎవరూ పెట్టమనలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చించిన కొత్త ప్యాకెట్లోని టిప్పు లోపలి అంచు మీద మూడు గాట్లున్నాయి.

మహాలక్ష్మి దాన్ని దీపం కిందికి తెచ్చింది. తన గాట్లు తనకు తెలీవా? మూడోది ఎప్పుడూ కాస్త పక్కకు వాలుతుంది. ఇంకో ప్యాకెట్ చించింది. ఒక గాటు. ఇంకోటి. రెండు గాట్లు. నాలుగోదానికి గాట్లు లేవు గానీ సూదుల మొదట్లో ఎండిన గోధుమరంగు మడ్డి అంటుకుని ఉంది. వాడేశాక తను సూదుల డబ్బాలో పడేసినవి ఇవన్నీ. ఆ డబ్బాను చెత్త తీసుకెళ్లే బండికి నేనే ఇస్తాలే అని ప్రతి శనివారం హిమజ పైకి తీసుకెళ్లేది. క్రీములు ప్యాక్ చేయడానికని తెచ్చిన సీలింగ్ మెషీన్ కూడా పైనే ఉంది. ఇంత కనపడ్డాక ఇంకేం కావాలి? అయినా మహాలక్ష్మి నమ్మలేదు. మనిషికి నమ్మకం ఒక పట్టాన చావదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"ఏమ్మే, అప్పుడే వచ్చినావా? భోంచేసినావా? మా అమ్మ గోంగూర పంపింది, పైకి రాకపోయినావా," అంటూ హిమజ వక్కపొడి నములుతూ దిగింది.

మహాలక్ష్మి టిప్పును బల్ల మీద పెట్టింది. "ఇది ఎవరిది హిమజా?"

మూడేళ్లుగా ఈ గదుల్లో ఆమె పిలుపు "మేడం" తప్ప ఇంకోటి లేదు. హిమజ నోట్లో వక్క ఆగిపోయింది.

"ఎవరిదేంది? కొత్తది."

"మూడు గాట్లుండాయి. నేను పెట్టిన గాట్లు. మూడో పేషెంటుకు వాడి, నా చేత్తో డబ్బాలో ఏసిన టిప్పు ఇది."

"గాట్లేందే?"

మహాలక్ష్మి చెప్పింది. ఉలుల సంగతి, నంబర్ల సంగతి, పిన్నీసు సంగతి. హిమజ టిప్పు తీసుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ కాసేపూ మహాలక్ష్మి మనసులో దేవుళ్లందరికీ మొక్కుకుంది. ఏదో ఒక అబద్ధం చెప్పవే, కంపెనీవాళ్లు మోసం చేశారని చెప్పు, పాతవి ఎవరో అంటగట్టారని చెప్పు, నమ్ముతాను, నీ మీద నమ్మకం పోగొట్టుకోవడం కంటే మోసపోవడమే నాకు మేలు అని.

హిమజ తలెత్తి, "ఇది ఎవురికైనా చెప్పినావా?" అని అడిగింది.

ఆ ప్రశ్నతో మహాలక్ష్మికి జవాబు తెలిసిపోయింది. పేషెంట్లు కూర్చునే స్టూలు మీద కూలబడింది.

"అంటే నిజమే. కడిగి, మళ్లీ సీలేసి, మనుషుల మొహాల్లో గుచ్చినావు."

"గట్టిగా అరవాకు."

"నేనింకా అరవలే."

హిమజ షట్టర్ పూర్తిగా దించొచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుంది. దాచాలని చూడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "పోయిన ఆగస్టులో స్టాకు రాలేదు. పెండ్లిండ్ల సీజను. ఆ పిల్లకు మత్తు క్రీము పూసి గంటయింది, బెడ్డు మీద పండుకోనుంది. లేసి పోమ్మా అని చెప్పేదా? ఒకటి స్పిరిట్‌లో ఏసి కడిగి వాడినా. ఏం కాలా. రెండో తూరి కూడా ఏం కాలా. అట్ల అలవాటయిపాయ. నేనేం రాక్షసిని కాదే. నువ్వు ఆడ నిలబడుంటే నువ్వూ అదే చేసుంటావు."

"నేను చెయ్యను," అంది మహాలక్ష్మి. "మా నాయన ఉలినే నేను అడక్కుండా తియ్యను."

"ఉలులు, రాళ్లు! ఇది క్లినిక్కే."

"హుస్నాకు హెపటైటిస్ బి ఉందంట."

హిమజ ముఖంలో రంగు మారింది. మహాలక్ష్మి ఆగకుండా చెప్పింది. తల్లికి రక్తమివ్వబోతే బయటపడిన సంగతి, జనవరిలో తాను చూసినప్పుడు ఏమీ లేని సంగతి, ఆ పిల్ల బస్టాండులో అడిగిన మాట. అంతా విన్న హిమజ లేచి అల్మారాలోంచి హుస్నా కాగితాలు తీసి, బల్ల మీద పరిచింది.

"ఇది చదువు. 'కొత్త సూది ప్యాకెట్ పేషెంటు ఎదుట విప్పడమైనది.' కింద సంతకం ఎవరిది?"

మహాలక్ష్మిదే. మూడు కాగితాల మీదా ఆమెదే.

"నువ్వు చేసినప్పుడు, నువ్వు విప్పినానంటే పెట్టినా."

"చూసి పెట్టినావా?"

"నువ్వు చెప్పినాక మళ్లీ చూడాల్నా హిమజా?"

హాస్టల్లో హిమజకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చిన పిల్ల ఇది. హిమజ బాకీ పెట్టిన రికార్డులన్నీ రాసిపెట్టిన పిల్ల. ఆ సంతకం కూడా అలాంటి చాకిరీయే అనుకుని పెట్టింది. ఆ చాకిరీనే ఇప్పుడు మెడకు తాడుగా చూపిస్తోంది స్నేహితురాలు. మహాలక్ష్మికి కన్నీళ్లు రాలేదు.

"సరే, నన్ను జైలుకు పంపించు. నాకు ఒకటి చెప్పు చాలు. హుస్నా కంటే ముందు ఆ సూది ఎవరికి గుచ్చినావు? ఆ మనిషికీ చెప్పాల. వాళ్లకు ఈ జబ్బుందని వాళ్లకే తెలీదేమో. మందులు మింగకుంటే లివరు పోతుంది." రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. "జనవరిలో నేనే విప్పినా, నేనే గుచ్చినా, అది కొత్తదే. మార్చిలో కూడా నేనే. ఫిబ్రవరిలో నువ్వు చేసినావు. ఫిబ్రవరి పదహారు..."

"చూడొద్దులే. ఇప్పుడెందుకది?" హిమజ చప్పున రిజిస్టరు మీద చెయ్యి పెట్టింది.

మహాలక్ష్మి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. ఫిబ్రవరి పదహారు. ఆ రోజు మొదటి బెడ్డు మీద మొదటి పేరు హుస్నాదే. దాని పైన ఎవరూ లేరు.

"ఎవరూ లేరే," అంది అయోమయంగా. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆ పొద్దు గుర్తొచ్చింది.

మొదటిసారి నొప్పికి జడుసుకున్న హుస్నా ఆ రోజు బెడ్డు ఎక్కనంటే ఎక్కనని మొండికేసింది. తలుపు దగ్గరే నిలబడి, నేను పోతానక్కా, నాకీ మొహమే బాగుంది అంది. మహాలక్ష్మికి నవ్వొచ్చింది. చెప్పులు విప్పి తానే బెడ్డెక్కి పడుకుంది. "మేడం, ముందు నాకు చేయండి, ఇది చూడనీ," అంది. మత్తు క్రీము కూడా పూయించుకోలేదు. హిమజ నవ్వుతూ ఒక చెంప మీద నాలుగు వరసలు గుచ్చింది. మహాలక్ష్మి పళ్ల బిగువున నవ్వుతూనే హుస్నాకేసి కన్ను గీటింది. ఏముంది, చీమ కుట్టినట్టుంది అంతే అని లేచింది. హుస్నా నవ్వి, బెడ్డెక్కి, అక్క చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. క్లినిక్‌లో పనిచేసే మనిషికి చేసిన దాన్ని రిజిస్టరులో రాయరు కాబట్టి అది ఎక్కడా లేదు.

"నా తర్వాత టిప్పు మార్చినావా?"

హిమజ నేలకేసి చూసింది.

"మార్చలేదా? పోనీలే. నాకేం జబ్బు లేదు కదా. మూడేండ్ల కిందట మొదటి తూరి చేసేటప్పుడు నా నెత్తురు నువ్వే చూసినావు. అంతా బాగుందన్నావు." మహాలక్ష్మి రిజిస్టరు మూసింది. "అన్నావు కదే?"

"అన్నా."

"బాగుండిందా?"

హిమజ నేల మీంచి చూపు ఎత్తలేదు. "మీ అమ్మ కడుపు ఉబ్బి, పచ్చగా అయి చనిపాయె కదా. చానామందికి ఇది తల్లి నుంచే వస్తుంది. నీకు పుట్టినప్పటి నుంచే ఉండచ్చు. ఉన్నంత మాత్రాన ఏం కాదే, చానామందికి జీవితమంతా ఏం కాదు..."

"కార్డు మీద ఏం వచ్చింది?"

"రెండు గీతలు."

రెండు గీతలంటే జబ్బున్నట్టని మహాలక్ష్మికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆ నెలలోనే ఓపెనింగ్," అంది హిమజ. ఇప్పుడు ఆమె కళ్లలో నీళ్లున్నాయి, నిజం నీళ్లే. "చూపించేదానికి నాకు నీ మొహం తప్ప ఇంకో మొహం లేదే. చెప్తే భయపడి ఊరికి పోతావనుకున్నా. బోర్డు పెట్టినాక చెబ్దామనుకున్నా. తర్వాత పండగ పోనీలే అనుకున్నా. తర్వాత... మర్చిపోయినానే. నీ మీద ఒట్టు. నువ్వు ఎప్పుడు చూసినా బాగనే ఉంటివి. ఆ దినం నీకు గుచ్చేటప్పుడు కూడా నాకు గుర్తే రాలే."

మరిచిపోయిందట! పక్కింటివాళ్ల గిన్నె తిరిగివ్వడం మరిచిపోతారు, గ్యాస్ బుక్ చెయ్యడం మరిచిపోతారు. తోడబుట్టినదానిలా తిరిగిన మనిషి ఒంట్లో జబ్బుందని మూడేళ్లు మరిచిపోయిందట. ఏ మాటను ఎలా కడిగి చూసినా మహాలక్ష్మికి ఒకటే అర్థమైంది. తన మొహాన్ని ఆళ్లగడ్డ అంతా చూసేట్టు ఎత్తి నిలబెట్టిన మనిషి, తన మొహం వెనక ఒక మనిషుందని ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

ఆమె లేచి చేతులు కడుక్కుంది. సొరుగులోంచి కార్డు తీసి, కవరు చించి, బల్ల మీద పెట్టింది. ఉంగరపు వేలు స్పిరిట్‌తో తుడుచుకుని గుచ్చుకుంది. ఇన్నాళ్లూ ఎంతమందికో చేసిన పనే. రక్తం చుక్క, మందు చుక్కలు వేసి, గడియారం చూసింది. రెండు ఇరవై.

"ఎందుకే ఇదంతా? చెప్పినా కదా," అంది హిమజ.

"నువ్వు చెప్పిందానికి సంతకం పెట్టినా కదా ఇన్నాళ్లు. ఈసారి చూసి పెడతా."

పదిహేను నిమిషాలు ఆగాలి. ఆరు నిమిషాలకే మొదటి గీత పక్కన రెండోది లేత గులాబీ రంగులో కనపడింది. తొమ్మిదో నిమిషానికి ఎర్రగా తేలింది. హుస్నా అడిగిన ప్రశ్నకు సమాధానం బల్ల మీద ఉంది. తన చేతిని పట్టుకుని ధైర్యంగా కళ్లు మూసుకున్న పిల్లకు తన రక్తమే ఎక్కింది. మహాలక్ష్మికి ఏడుపు అప్పుడొచ్చింది.

హిమజ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "నా మాట విను. దీనికి మంచి మాత్రలుండాయి. నిన్ను హైదరాబాదులో నేనే చూపిస్తా. హుస్నాను కూడా చూపిస్తా. ఆ పిల్లకు యాడ సోకిందో ఎవురు చెప్పగలరు? పండ్ల డాక్టరు కాడ సోకిండచ్చు, ముక్కు కుట్టించుకున్నకాడ సోకిండచ్చు. నువ్వు నోరు విప్పకుంటే నేనూ విప్పను." అరచెయ్యి చాపింది. "ఆ కార్డు ఇటియ్యి."

షట్టర్ మీద ఎవరో తట్టారు.

"అక్కా! లోపలుండావా?"

హుస్నా గొంతే. ఇంటికి పొమ్మంటే ఆగలేక తర్వాతి బస్సుకే వచ్చేసింది. వెనకే అమీర్ బాషా గొంతు, "మహాలక్ష్మమ్మా, తలుపు తీయి బిడ్డా," అని.

హిమజ గుసగుసగా, "తీయొద్దు. కార్డు ఇయ్యే, బిరీన," అంది.

మహాలక్ష్మి మొహం కొంగుతో తుడుచుకుని, బల్ల మీది కార్డు చేతిలోకి తీసుకుంది. వెళ్లి షట్టర్ ఎత్తింది. ఎండలోంచి వచ్చిన ఇద్దరూ లోపలి మసక వెలుతురుకు కళ్లు చికిలించారు. హుస్నా బుగ్గల మీద గుంటలు చాలావరకు పూడిపోయి ఉన్నాయి. ఇంత దగ్గర్నుంచి చూస్తే బాగానే తెలుస్తోంది.

"తెలిసిందా అక్కా? ఎవరిదంట?"

అబద్ధమాడటానికి కావలసినవన్నీ మహాలక్ష్మి ముందు ఉన్నాయి. ఆమె చేతిలోని కార్డును హుస్నా ముందుకు చాపింది.

"నాది హుస్నా. ఆ దినం నీకంటే ముందు నేను పండుకుంటి కదా, నీకు ధైర్యం చెప్పేదానికి. అదే సూది నీకూ గుచ్చినారు. ఆ నెత్తురు నాదే."

అమీర్ బాషాకు సగం అర్థమై సగం కాక, గోడకు చేరబడ్డాడు. హుస్నా కార్డును చూసింది, మహాలక్ష్మిని చూసింది. కోపం కాదు, ఇంకేదో ఉంది ఆ చూపులో. అక్క ఒక్క మాట చెబితే చాలు, నమ్మేస్తాను అన్నట్టు ఉంది.

"నీకు ముందే తెలుసా అక్కా?"

మహాలక్ష్మి నోరు తెరిచింది. ఆమె మాట బయటికి రాకముందే వెనక నుంచి హిమజ మాట్లాడింది. పేషెంట్లతో మాట్లాడే ఆ మెత్తటి, స్పష్టమైన గొంతుతోనే.

"తెలుసు. మూడేండ్ల కిందటే నేను చెప్పినా. ఎవురికీ చెప్పొద్దని నా కాళ్లు పట్టుకునింది."